‘నొక్కు’ అన్న మాట నురగైన కథ

సిద్దిపేట వైపు చిన్నకోడూరులో ఏ కిరాణం దుకాణం ముందు నిలబడినా లోపలి సరుకు కంటే ముందు కంటబడేది తోరణమే. అడ్డంగా కట్టిన తీగకు షాంపూ ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతుంటాయి. నల్లవి, ఆకుపచ్చవి, గులాబీవి. గాలి వీస్తే గలగలమంటాయి. ఓ పిల్ల వచ్చి, “సేటూ, రెండు షాంపూలియ్యి” అంటుంది. ఆయన కత్తెర వెతుక్కోడు. చిల్లుల గీత వెంట పట్టి పరుక్కున చింపి చేతిలో పెడతాడు. కథ మొత్తం ఆ చింపుడుకు పట్టినంత సేపట్లోనే అయిపోతుంది.

ఆ పిల్ల అన్న ‘ఇయ్యి’ ఒక ఆజ్ఞ. ఆమెకు తెలియనిదేమంటే, ‘షాంపూ’ కూడా ఆజ్ఞే. ఒకప్పుడు ఒక మనిషి ఇంకో మనిషికి వేసిన ఆజ్ఞ. దాని అర్థం ‘నొక్కు’.

హిందీలో ‘చాంప్‌నా’ అనే క్రియ ఉంది. ఒత్తడం, పిసకడం, అదమడం అని దాని అర్థం. దాన్ని ఎదుటివాడికి పనిగా చెబితే ‘చాంపో’ అవుతుంది. సంస్కృతంలో పిసకడమనే అర్థమున్న ఒక ధాతువు దాకా దీని వేరు పోతుందని నిఘంటుకారులు చెబుతారు. బెంగాల్లోనో బిహార్‌లోనో మధ్యాహ్నపు ఉక్కలో మంచం మీద బోర్లా పడుకున్న దొర, కాళ్ల దగ్గర కూచున్న నౌకరుతో ‘చాంపో’ అన్నాడు. నౌకరు నొక్కాడు. దొరకు హాయిగా ఉంది. ఆ హాయికి తన భాషలో పేరు లేకపోవడంతో ఆజ్ఞనే పేరుగా పెట్టుకున్నాడు. ఇంగ్లీషు అచ్చులో ఈ మాట 1762లోనే కనిపిస్తుంది. అప్పటికి దానికి తలతోనూ జుట్టుతోనూ నురగతోనూ ఏ సంబంధమూ లేదు. ఒళ్లు పిసికించుకోవడమే షాంపూ.

ఇలా ఆజ్ఞ రూపంలోనే ఇంగ్లీషులోకి పోయిన మాట ఇదొక్కటే కాదు. యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి కూర్చిన ‘హాబ్సన్-జాబ్సన్’ అనే నిఘంటువు 1886లో అచ్చయింది. తెల్లవాళ్లు మన దేశంలో వాడిన మాటల మూట అది. అందులో ‘పక్‌డావ్’, ‘బనావ్’, ‘లగావ్’, ‘ధమ్‌కావ్’ లాంటివి వరసగా కనిపిస్తాయి. పట్టుకో, తయారుచెయ్యి, పెట్టు, బెదిరించు. అన్నీ పని పురమాయించే రూపాలే. దొరలకు మన భాషల్లో భూతకాలం, భవిష్యత్ కాలం పట్టుబడలేదు, విధ్యర్థకం మాత్రం బాగా పట్టుబడింది. వాళ్లు నేర్చుకున్నంత మేరకే మాటలు ఓడెక్కాయి. తెలుగు నుంచి ఇంగ్లీషుకు పోయిన మాటల్లో ‘బాండికూట్’ ఒకటి. అది మన పందికొక్కు. హిందీవాళ్లు షాంపూ ఇస్తే మనం పందికొక్కునిచ్చాం. ఎవరి వాటా వాళ్లది.

అన్నట్టు, ఈ మాట సంపెంగ పువ్వు నుంచి పుట్టిందని, ‘చంపా’యే షాంపూ అయిందని కొందరు రాస్తుంటారు. వినడానికి బాగుంటుంది, సంపెంగ నూనె వాసన కూడా వస్తుంది. కానీ పాత వాడుకలో ఎక్కడ చూసినా షాంపూ చేసేది చెయ్యే, పువ్వు కాదు. ఈ సంగతిలో నేను నిఘంటుకారుల పక్షం.

‘చెయ్యి’ అన్నాక ఒక మాట చెప్పకుండా ఉండలేను. తెలుగులో ఈ ఒక్క మాటకు రెండర్థాలు. ఒకటి అవయవం, ఇంకొకటి ఆజ్ఞ. “చెయ్యి చాపు” అంటే ఒకటి, “పని చెయ్యి” అంటే మరొకటి. షాంపూ పుట్టుక మొత్తం ఈ రెండర్థాల మధ్యే ఉంది. ఒకడు ‘చెయ్యి’ అన్నాడు, ఇంకొకడి చెయ్యి కదిలింది.

మన తెలంగాణ వాళ్లకు ఈ మాట ఒక దారిలో కాదు, రెండు దారుల్లో వచ్చింది. 1948 దాకా సిద్దిపేట నిజాం రాజ్యంలోది. దస్తావేజూ జమాబందీ అదాలతూ వచ్చిన దారిలోనే హైదరాబాదు ఉర్దూ నుంచి ‘చంపీ’, ‘మాలీష్’ కూడా వచ్చాయి. కటింగు అయ్యాక మంగలి షాపులో నూనె చుక్కలు మాడు మీద వేసి, వేళ్లతో టపటపలాడించి, చివరికి మెడను అటూ ఇటూ తిప్పి టక్కుమనిపించేదే చంపీ. ‘చాంపో’ తోడబుట్టిందే అది. గురుదత్ తీసిన ‘ప్యాసా’ సినిమాలో, 1957లో, జానీ వాకర్ నూనె సీసాతో పాట పాడుకుంటూ వీధులు తిరిగి తలమర్దన చేసే అబ్దుల్ సత్తార్‌గా కనిపిస్తాడు. ఆ పాట పుణ్యమా అని చంపీ అంటే ఏమిటో దేశమంతటికీ తెలిసింది.

తెలుగు చెవికి మాత్రం ఈ మాట మొదట్లో కొంచెం దడ పుట్టిస్తుంది. ఉర్దూ రానివాడు మొదటిసారి పట్నం పోయి కుర్చీలో కూచుంటే, వెనక నుంచి కత్తి చేతిలో ఉన్న మనిషి “చంపీ చేస్తనా?” అని అడుగుతాడు. చంపి ఇంకేం చేస్తాడట?

రెండో దారి చాలా చుట్టు. అది పట్నా నుంచి ఐర్లండు, లండను, సముద్రపు గట్టున ఉన్న బ్రైటన్, బెర్లిన్, కడలూరు మీదుగా చిన్నకోడూరు చేరింది. ఆ దారి మొదట్లో నడిచినవాడి పేరు షేక్ దీన్ మహమ్మద్.

1759లో పట్నాలో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీ బెంగాల్ సైన్యంలో పనిచేస్తూ పోరులో చనిపోయాడు. పదేళ్లు దాటీ దాటకముందే ఈ పిల్లవాడు గాడ్‌ఫ్రే బేకర్ అనే ఐరిష్ అధికారి వెంటబడి దండులో చేరాడు. 1782లో ఇద్దరూ కొలువు వదిలారు. 1784లో బేకర్ వెంటే ఐర్లండులోని కార్క్ పట్టణం చేరి అక్కడే ఇంగ్లీషు చదువుకున్నాడు. జేన్ డేలీ అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆమె ఇంట్లో ఒప్పుకోలేదు. 1786లో ఇద్దరూ లేచిపోయి పెళ్లి చేసుకున్నారు. 1794లో తన ప్రయాణాల గురించి రెండు సంపుటాల పుస్తకం అచ్చువేశాడు. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రాసి అచ్చువేసిన మొదటి పుస్తకం అదే. స్నేహితుడికి రాసిన ఉత్తరాల రూపంలో ఉంటుంది. మన ఏనుగుల వీరాస్వామయ్య కూడా కాశీయాత్ర కబుర్లను స్నేహితుడికి రాసి పంపినవాడే. అది 1838లో గానీ అచ్చు కాలేదు. ఒక సిపాయి కొడుకు అంతకు నలభై నాలుగేళ్ల ముందే, అదీ పరాయి భాషలో, ఆ పని చేశాడు.

పుస్తకం పేరు తెచ్చింది గానీ కూడు పెట్టలేదు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో సంసారం లండనుకు మారింది. అక్కడ అతనికి పని ఇచ్చినవాడు బేసిల్ కాక్రేన్. ఇతని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే తెలుగునేలకు ఇతను బొత్తిగా కొత్తవాడు కాడు.

కాక్రేన్ మద్రాసులో కంపెనీ కొలువు చేసి, తర్వాత నౌకాదళానికి సరుకులు సరఫరా చేసే కాంట్రాక్టులతో బాగా గడించాడు. మద్రాసు నుంచి ఉత్తరాన ఎన్నూరు దాకా 1806లో తయారైన కాలువ ఇతని డబ్బుతో తవ్విందే. చాలాకాలం దాన్ని కాక్రేన్ కాలువ అనే పిలిచారు. తర్వాత సర్కారు దాన్ని పులికాట్ దాటించి, నెల్లూరు, ప్రకాశం తీరాల వెంబడి పెదగంజాం దాకా పొడిగించింది. 1876-78 నాటి పెద్ద కరువులో కూలికోసం వచ్చిన జనం చేత కొంత పని చేయించి అప్పటి గవర్నరు పేరు పెట్టారు. మన పెద్దలు పడవల్లో ఉప్పూ కట్టెలూ తోలిన బకింగ్‌హాం కాలువ అదే. ఆ కాలువ మొదటి ముక్కకూ ఇవాళ్టి షాంపూ ప్యాకెట్టుకూ పెట్టుబడి ఒకే సంచిలోంచి వచ్చిందంటే నాకైతే తమాషాగా ఉంటుంది.

స్వదేశం తిరిగి వెళ్లాక కాక్రేన్ లండనులో పోర్ట్‌మన్ స్క్వేర్‌లోని తన భవంతిలో ఆవిరిస్నానాల ఏర్పాటు పెట్టాడు. దాని మీద పుస్తకం కూడా రాసుకున్నాడు. మహమ్మద్ అక్కడ పనికి కుదిరాడు. ఆవిరి దొరది, దానికి చేతిమర్దన జోడించింది మాత్రం మహమ్మదేనని అతని జీవితం మీద పరిశోధించినవాళ్లు చెబుతారు. దొర తన పుస్తకంలో ఆ ముచ్చట ఎత్తలేదు. పేరు రాయనందుకు ఆశ్చర్యమేమీ లేదు, నౌకరు పేరు రాసే అలవాటు ఆ కాలానిది కాదు.

1810లో మహమ్మద్ అక్కడికి దగ్గర్లోనే 34 జార్జ్ స్ట్రీట్‌లో ‘హిందుస్తానీ కాఫీ హౌస్’ తెరిచాడు. భారతీయుడు బ్రిటన్‌లో పెట్టిన మొదటి భారతీయ భోజనశాల అదే. వెదురు కుర్చీలు, కూరలు, హుక్కాలకు వేరే గది. ఇండియాలో ఉండి వచ్చిన దొరలు ఎగబడతారని అనుకున్నాడు. వాళ్లేమో ఇంట్లోనే వంటవాళ్లను పెట్టుకున్నారు. 1812కల్లా దివాలా. యాభై మూడేళ్ల వయసులో, పిల్లలు గల సంసారంతో, మళ్లీ పని వెతుక్కోవలసి వచ్చింది.

1814లో కుటుంబమంతా బ్రైటన్ చేరింది. అప్పటికి ఆ ఊరు రాకుమారుడి విలాసస్థలం. కీళ్లనొప్పులున్న ధనవంతులు సముద్రస్నానానికి వచ్చేవారు. మహమ్మద్‌కు తెలిసిన విద్య ఒకటి మిగిలింది. చిన్నప్పటి నుంచీ చూసిన, బహుశా చేసిన, ‘చాంపో’. దానికి బోర్డు రాయించాడు, షాంపూయింగ్ అని.

పద్ధతి ఇలా ఉండేది. రోగిని మూలికలు మరిగే ఆవిరిలో కూచోబెట్టి బాగా చెమటపట్టించేవాళ్లు. చుట్టూ ఉన్ని గుడ్డతో కట్టిన చిన్న గుడారం. గుడారానికి చొక్కా చేతుల్లాంటి గొట్టాలు కుట్టి ఉండేవి. మర్దన చేసేవాడు బయట నిలబడి ఆ గొట్టాల్లోంచి చేతులు లోపలికి దూర్చి రోగి ఒళ్లు పిసికేవాడు. మనిషి కనబడడు, చేతులు మాత్రమే కనబడతాయి. ఆ కాలపు తెల్లదొరకు నల్లనౌకరు ఎట్లా కనిపించేవాడో ఆ గుడారం చెప్పినట్టు ఇంకేదీ చెప్పలేదనిపిస్తుంది నాకు.

కానీ ఈ నౌకరు తెలివైనవాడు. స్నానశాల ముందుగదిలో, నడక వచ్చాక రోగులు వదిలేసి పోయిన చంకకర్రలను వేలాడదీశాడు. ఇవాళ ఏ ప్రకటనల కంపెనీ కూడా అంతకంటే మంచి ఉపాయం చెప్పలేదు. ఆడవాళ్ల స్నానాల వైపు భార్య జేన్ చూసుకునేది. పళ్లపొడి, జుట్టుకు నల్లరంగు కూడా పక్కన పెట్టి అమ్మారు. నయమైన రోగుల సంగతులతో 1820లో ఒక చిన్న పుస్తకం, 1822లో ‘షాంపూయింగ్’ పేరుతోనే పెద్ద పుస్తకం వేశాడు. నాలుగో జార్జి, ఆ తర్వాత నాలుగో విలియం అతన్ని తమ షాంపూయింగ్ సర్జన్‌గా పెట్టుకున్నారు. ఆ బిరుదు ఒకసారి మనసులో తెలుగు చేసి చూడండి. రాజుగారి ఒళ్లు పిసికే డాక్టరు!

డాక్టరన్నాక చదువుండాలి కదా. అందుకని పుట్టిన ఏడు పదేళ్లు వెనక్కి జరిపి 1749 అని రాసుకున్నాడు, దండులో చేరకముందు కలకత్తాలో వైద్యం నేర్చినట్టు లెక్క సరిపోవాలి కాబట్టి. 1851 ఫిబ్రవరిలో బ్రైటన్‌లోనే పోయాడు. నిజానికి తొంభై ఒకటో తొంభై రెండో ఉంటాయి. కానీ వేసిన లెక్క వెనక్కి తీసుకోలేం కాబట్టి నూరు దాటినవాడిగానే కాటికి పోయాడు. ఇతని మనుమడు ఫ్రెడరిక్ అక్బర్ మహమ్మద్ లండనులో గైస్ ఆసుపత్రి వైద్యుడై, నాడి కొట్టుకోవడాన్ని గీతలుగా గీసే పరికరానికి మెరుగులు దిద్ది, రక్తపోటు మీద పేరున్న పరిశోధనలు చేశాడు. తాత ఒళ్లు నొక్కి బతికాడు. మనుమడు నాడి నొక్కి చూశాడు.

తర్వాత జరిగిందంతా మాట చేసుకున్నదే, మనుషుల ప్రమేయం తక్కువ. మహమ్మద్‌ను చూసి ఊరూరా స్నానశాలలు వచ్చాయి. అక్కడి నుంచి ఆ మాట మంగలి షాపులకు దిగింది. షాపులో ఒళ్లంతా ఎక్కడ పిసుకుతారు? తల ఒక్కటే చేతికి అందేది. తల పిసికాక సబ్బునీళ్లతో కడిగేవాళ్లు. పిసకడం, కడగడం రెండూ కలిపి షాంపూ. 1860ల నాటికి కడగడమే ముఖ్యమైంది. ఆ దశాబ్దంలోనే కడిగే సబ్బునీళ్లకు కూడా అదే పేరు అంటుకుంది. ఇంతలో ఒళ్లు పట్టడానికి ఫ్రెంచి నుంచి ‘మసాజ్’ అనే మాట వచ్చి కూచుంది. ఇంట్లో పాతవాడు ఉండగానే కొత్తవాడు గదిలో దిగినట్టు. పాతవాడు బాత్రూం వైపు సర్దుకున్నాడు. ఫ్రెంచివాళ్ల సంగతి మరీ వింత. వాళ్లు ఇంగ్లీషు నుంచి ‘షాంపూయింగ్’ అని తోకతో సహా తీసుకుని, దాన్ని ‘షాంప్వాఁ’ అని పలుకుతూ, సీసాలోని సరుకుకు పేరుగా వాడుతున్నారు.

అలా పనిపేరు వస్తువు పేరయింది. చెయ్యి పోయింది.

మన మాటలు మాత్రం కదలకుండా ఉన్నాయా ఏం? ‘తలంటు’ చూడండి. అంటడమంటే పూయడం. తలకు నూనె అంటి, రుద్ది, పోయడం. పండగనాడు తలంటు అంటే ప్రేమ. ఇవాళ ఆఫీసులో “బాసు తలంటాడు” అంటే అర్థం వేరు. ఏ ఇంగ్లీషువాడి సాయమూ లేకుండానే మన మాట మాడు మీది నుంచి జారి తిట్లలో పడింది. చిన్నకోడూరు వైపు ఇళ్లల్లో తలంటు అనడం తక్కువే. “తలకు పోసుకున్నవా?” అంటారు. పోసుకునేది నీళ్లు. నూనే నురగా ఆ మాటలో చెప్పకుండానే ఉన్నాయి.

నురగ అంటే ఇక్కడ కుంకుడుకాయ. కాయను రాతి మీద కొట్టి, నల్ల గింజ తీసేసి, పెచ్చులు వేడినీళ్లలో నానేసి పిసికితే నురగ లేస్తుంది. గింజలు పిల్లల ఆటలకు, రసం అవ్వ చేతికి. కండ్లు మండకుండా నోట్లో ఉప్పుకల్లు వేసుకొమ్మనేవాళ్లు. ఉప్పు ఎంత పనిచేసేదో గానీ, నోరు మూసుకుని కూచోవడానికి మాత్రం బాగా పనికొచ్చేది. “కదలకు బిడ్డా, అయిపోయింది, ఇంకొక్క చెంబే” అంటూ అయిదు చెంబులు పోసేది అవ్వ. కంసాలి నగలు మెరిపించడానికీ పట్టుచీర రంగు పోకుండా ఉతకడానికీ ఇదే రసం.

వృక్షశాస్త్రంలో కుంకుడు జాతి పేరు ‘సాపిండస్’. లాటిన్‌లో సబ్బు, ఇండియా అనే రెండు మాటలు కలిపితే వచ్చింది. ఇండియా సబ్బు అన్నమాట. అంటే తలకడిగే పనికి పేరూ మన దగ్గరినుంచే పోయింది, సరుకు మన దగ్గర ఉందనీ వాళ్లకు తెలుసు. కాకపోతే పేరును మాత్రం ఓడెక్కించుకుని సరుకును చెట్టునే వదిలేశారు. మళ్లీ ఆ పేరుకు తగ్గ సరుకును సొంతంగా చేసుకోవడానికి వాళ్లకు డెబ్బై ఏళ్లు పట్టింది.

ఎందుకు పట్టిందో తెలియాలంటే నీళ్ల సంగతి తెలియాలి. సిద్దిపేట వైపు బోరునీళ్లలో ఒళ్లు కడుక్కున్న ఎవరికైనా అది తెలుసు. రాతినేలల నుంచి వచ్చే ఆ నీళ్లలో సున్నపు లవణాలు ఎక్కువ. మామూలు సబ్బు ఆ లవణాలను పట్టుకుని తెల్లటి జిడ్డుగా మారి వెంట్రుకలకు అంటుకుంటుంది. ఎంత రుద్దినా నురగ రాదు, జుట్టు పీచులా బిరుసెక్కుతుంది. యూరపులోనూ ఇదే బాధ. కుంకుడులోని సాపోనిన్ల పద్ధతి వేరు. ఆ అణువుకు ఒక కొస నీళ్లను ఇష్టపడుతుంది, ఇంకో కొస జిడ్డును పట్టుకుంటుంది. సున్నంతో మాత్రం పేచీ పెట్టుకోదు. అందుకే ఉప్పునీళ్లలోనూ కుంకుడు నురగ ఇస్తుంది. మా అవ్వలకు ఈ రసాయనం తెలియదు, సబ్బుతో తలరుద్దుకుంటే ఏమవుతుందో మాత్రం తెలుసు.

బెర్లిన్‌లో మందుల షాపు నడిపిన హన్స్ ష్వార్జ్‌కోఫ్ 1903లో నీళ్లలో కలుపుకునే షాంపూ పొడి తెచ్చాడు. చిన్న పొట్లం, ఇరవై ఫెనిగ్‌లు. పేరు ‘షౌంపోన్’. జర్మన్‌లో ‘షౌమ్’ అంటే నురగ. చూశారా, ‘నొక్కు’ అన్న హిందీ మాట పక్కకు జర్మన్ నురగ వచ్చి ఎంత ఒద్దికగా కూచుందో! షాంపూ అంటే నురగ అన్న భ్రమకు ఆ పేరే మొదటి ముద్ర అని నా అనుమానం. 1927లో అదే కంపెనీ ద్రవరూపం తెచ్చింది. సబ్బు బాధ తీరింది మాత్రం 1930లలో, అమెరికాలో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ ‘డ్రీన్’ తెచ్చినప్పుడు. అందులో సబ్బు లేదు. సున్నపు నీళ్లకు జంకని కృత్రిమ డిటర్జెంటు ఉంది. కుంకుడు చేసే పనిని ఫ్యాక్టరీ చేయగలిగిందప్పుడు.

ఆ రకం షాంపూ సీసాల్లో మన దేశానికి వచ్చింది గానీ పల్లెకు రాలేదు. సీసా అంటే నెల జీతంలోంచి తీయాలి. రోజుకూలి ఇంట్లో నెల లెక్క ఎక్కడిది? ఏ రోజు డబ్బు ఆ రోజే. దీన్ని సరిగ్గా పట్టుకున్నవాడు తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్. ధనవంతుడు వాడేది కూలివాడూ కొనగలగాలన్నది ఆయన పట్టుదల. అందుకు వస్తువు మార్చనక్కర్లేదు, కొలత మారిస్తే చాలన్నాడు. ఒక్కసారికి సరిపోయేంత ప్యాకెట్టు. ఆయన పోయాక కొడుకులు 1980 ప్రాంతంలో ‘వెల్వెట్’ ప్యాకెట్లు తెచ్చారు. వాళ్లలో ఒకరు, సి.కె.రంగనాథన్, ఇంట్లోంచి బయటికొచ్చి 1983లో 15,000 రూపాయలతో సొంతంగా మొదలుపెట్టి, తండ్రి పేరు పొడి అక్షరాలతో ‘చిక్’ అని పేరు పెట్టాడు. ఏ కంపెనీదైనా సరే, అయిదు ఖాళీ ప్యాకెట్లు తెస్తే ఒక చిక్ ఉచితం అన్నాడు. కొన్నాళ్లకు, చిక్ ఖాళీలు తెస్తేనే అన్నాడు. అప్పటికి చేయి అలవాటు పడింది. 1999లో అర్ధరూపాయి ప్యాకెట్ వచ్చింది.

ఆ కంపెనీ మనుషులు ఊళ్లకు వచ్చి చేసిన పని ఒకటుంది. బడి పిల్లవాడినొకడిని పిలిచి, అందరి ముందు కూచోబెట్టి, నెత్తి తడిపి, షాంపూ వేసి, చేతులతో రుద్ది, కడిగి, తుడిచి, “చూడుండ్రి, ముట్టి చూడుండ్రి” అనేవాళ్లు. జనం వచ్చి పిల్లవాడి జుట్టు తాకి చూసేవాళ్లు. బ్రైటన్ గుడారంలో కనబడి ఆ తర్వాత పోయిన చెయ్యి దక్షిణాది బజార్లలో కాసేపు తిరిగి కనిపించిందన్నమాట. అమ్మకం కుదిరాక మళ్లీ పోయింది.

చిన్నకోడూరు మండలంలోని చంద్లాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయకసాగర్ కట్టారు. 2020 ఏప్రిల్‌లో గోదావరి నీళ్లు అందులోకి వచ్చాయి. ఉప్పుబోర్ల మీద బతికిన ఊళ్లకు అదొక పండగ. మెత్తటి నీళ్లలో ఏ సబ్బయినా నురగ ఇస్తుంది కాబట్టి, షాంపూకున్న ఒక పెద్ద సాకు పోయినట్టే. తోరణాలు మాత్రం పోలేదు. బైకు కడగడానికి ఒక ప్యాకెట్, దుప్పట్లకు రెండు, నెత్తికి ఒకటి. దుకాణాల్లో కుంకుడుకాయలూ దొరుకుతున్నాయి, పొడి చేసి ప్యాకెట్లో పోసి, మీద ఇంగ్లీషులో ‘హెర్బల్ షాంపూ’ అని రాసి.

మొన్న సిద్దిపేటలో కటింగుకు పోతే గోడ మీద రేట్ల పట్టిక చూశాను. హెడ్ మసాజ్ ఒక వరస, షాంపూ వాష్ ఇంకో వరస, రెండింటికీ వేరే వేరే ధరలు. కుర్చీ వెనక నిలబడ్డ కుర్రవాడు మీది తుండు దులిపి అడిగాడు.

“అన్నా, చంపీ చెయ్యాల్నా, షాంపూ చెయ్యాల్నా?”

“రెండూ ఒకటే గదనే” అన్నాను.

వాడు అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. “ఒకటెట్లయితదన్నా? చంపీకి చేతులు నొస్తయి” అన్నాడు, వేళ్లు విరుచుకుంటూ.